సీసా మీద పేరు ఒకటి, పట్టేది ఒకటి

టొరంటోలోని మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో ఎలెఫ్తీరియోస్ డయమాండిస్ బృందం క్లోమ క్యాన్సర్‌ను తొందరగా పట్టిచ్చే గుర్తు కోసం వెతుకుతూ సీయూజెడ్‌డీ1 అనే ప్రోటీన్ మీద ఆశ పెట్టుకుంది. దాన్ని కొలవడానికి బజార్లో దొరికే ఎలీసా కిట్లు (యాంటీబాడీల సాయంతో ప్రోటీన్‌ను కొలిచేవి) కొన్నారు. రోగుల నమూనాల్లో లెక్క ఎక్కువగానే వచ్చింది. తీరా ఆ కిట్‌లోని యాంటీబాడీ, అంటే ఫలానా ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని పట్టివ్వాల్సిన అణువు, నిజంగా దేన్ని పట్టుకుంటోందో అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూస్తే, బయటపడింది సీఏ125. అండాశయ క్యాన్సర్‌కి డాక్టర్లు ఏళ్ల తరబడి రాస్తున్న పాత పరీక్షలో కొలిచేది దాన్నే! రెండేళ్ల శ్రమ, సుమారు 5 లక్షల డాలర్లు, వేల నమూనాలు నీళ్లపాలయ్యాయి. 2014లో ఆ బృందమే ఈ సంగతి అచ్చువేసి తోటివారిని హెచ్చరించింది.

యాంటీబాడీ సీసా మీద చీటీలో ఉండే పేరు, దాన్ని ఏ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా తయారుచేశారో చెబుతుంది. అది దేనికి అతుక్కుంటుందన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ ఒకటేనని అనుకుంటూ జీవశాస్త్రం కొన్ని దశాబ్దాలు నడిచింది.

నమూనాలో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూడడానికి ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే వెస్టర్న్ బ్లాట్ సంగతే చూద్దాం. 1970లో లెమ్లీ చూపిన పద్ధతిలో ప్రోటీన్లను డిటర్జెంట్‌తో మరిగించి జెల్‌లో పరుగెత్తిస్తే బరువు ప్రకారం విడిపోతాయి. వాటిని జెల్ నుంచి పలుచని పొర మీదికి దించి, యాంటీబాడీతో వెతకవచ్చని 1979లో బాసెల్‌లో టోబిన్, స్టేహెలిన్, గోర్డన్ చూపించారు. అమెరికా పడమటి తీరంలోని సియాటిల్‌లో పనిచేసిన నీల్ బర్నెట్ 1981లో దానికి 'వెస్టర్న్' అని పేరు పెట్టాడు. డీఎన్ఏ పద్ధతికి దాన్ని కనిపెట్టిన ఎడ్విన్ సదర్న్ ఇంటిపేరు వచ్చింది, ఆర్ఎన్ఏ పద్ధతిని సరదాగా నార్తర్న్ అన్నారు, ఇక మిగిలిన దిక్కుల్లో ఒకటి దీనికి అంటించారు. యాంటీబాడీ పొరంతా పట్టుకోకుండా ముందు దాన్ని 5 శాతం పాలపొడి కలిపిన ద్రావణంలో నానబెడతారు. ఇంత పెద్ద శాస్త్రంలో వంటింటి డబ్బా ఒకటి దర్జాగా కూర్చుని ఉంటుంది.

చివరికి పొర మీద యాంటీబాడీ అతుక్కున్న చోట ఒక నల్లటి గీత వస్తుంది. మనం అనుకున్న బరువు దగ్గరే వస్తే సంతోషం. చిక్కు అక్కడే ఉంది. కణంలో ప్రోటీన్లు వేల రకాలు. అదే బరువుకు అటూ ఇటూగా ఉండేవి బోలెడు.

ఎరిత్రోపోయిటిన్ రిసెప్టర్ వివాదం దీనికి మంచి ఉదాహరణ. కీమోథెరపీతో రక్తం తగ్గిన రోగులకు ఎరిత్రోపోయిటిన్ మందు ఇస్తారు. కణితుల మీద కూడా ఆ మందును అందుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్, ఉందని, కాబట్టి మందు కణితినే పెంచవచ్చని కొన్ని పరిశోధనలు అన్నాయి. వాటిలో చాలావాటికి ఆధారం సీ-20 అనే ఒక యాంటీబాడీ. 2006లో స్టీవ్ ఎలియట్ బృందం పరీక్షిస్తే, అసలు రిసెప్టర్ బరువు 59 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలమానం) దగ్గర ఉంది. జనం చూసి మురిసిన గీత మాత్రం 66 దగ్గరిది, అందులో ఉన్నది హెచ్ఎస్‌పీ70 అనే వేడి ఒత్తిడి ప్రోటీన్. ఎలియట్ పనిచేసింది ఆ మందు అమ్మే ఆమ్‌జెన్ కంపెనీలోనే. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అలాగని గీత బరువు మారదు కదా.

ఈ గందరగోళానికి మూలం కొంత తయారీలోనే ఉంది. కుందేలుకు ప్రోటీన్ ముక్క ఎక్కిస్తే దాని రక్తంలో రకరకాల యాంటీబాడీల మిశ్రమం తయారవుతుంది. ఆ కుందేలు పోయాక ఇంకో కుందేలు ఇచ్చేది ఇంకో మిశ్రమం. పోయినసారి పనిచేసిన సీసా ఈసారి లాట్ (తయారీ విడత) మారగానే మొండికేసేది అందుకే. 1975లో కోలర్, మిల్‌స్టీన్ యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపే హైబ్రిడోమా పద్ధతి కనిపెట్టి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తీయవచ్చని చూపించారు. 1984లో వారికి నోబెల్ వచ్చింది. ఇక మోనోక్లోనల్, అంటే ఇలా తీసిన ఒకే రకం యాంటీబాడీ, అంటే నిశ్చింత అనుకున్నారు. 2018లో 185 హైబ్రిడోమాలను విప్పి చూస్తే 59 వాటిలో ఉండకూడని అదనపు యాంటీబాడీ గొలుసులు (యాంటీబాడీలోని భాగాలు) కనిపించాయి!

మానవ జన్యుపటం వచ్చాక కంపెనీలు వేల ప్రోటీన్లకు యాంటీబాడీలు పుట్టించి కేటలాగులు నింపాయి. పరీక్షించే పని కొన్నవాడి నెత్తిన పడింది. 2005లో ఒక నాడీశాస్త్ర పత్రిక సంపాదకుడు క్లిఫర్డ్ సేపర్, యాంటీబాడీలకు రుజువులు చూపాలంటూ పాఠకులకు బహిరంగ లేఖ రాశాడు. 2009లో 19 రకాల కణ గ్రాహకాలకు (రిసెప్టర్లకు) అమ్ముతున్న 49 యాంటీబాడీలను పరిశీలిస్తే, ఎక్కువ భాగం ఒకటికి మించిన ప్రోటీన్లను పట్టుకుంటున్నట్టు తేలింది. 2015లో బ్రాడ్‌బరీ, ప్లక్‌థున్ మరో 110 మందితో కలిసి నేచర్‌లో గళమెత్తారు. జంతువుల లాటరీ వద్దు, యాంటీబాడీ జన్యుక్రమం తెలుసుకుని దాన్ని బట్టే తయారుచేయండి అన్నది వారి మాట.

ఇంతకాలం ఎందుకు పట్టింది? బద్ధకం ఒక్కటే కారణమంటే అన్యాయం. ప్రోటీన్ ఉన్నచోట గీత రావడం చూపించడం తేలిక. లేనిచోట గీత రాదని చూపించాలంటే, ఆ ప్రోటీన్ అసలే లేని అదే రకం కణం చేతిలో ఉండాలి. అలాంటి కణం కోసం ఆ ప్రోటీన్ లేని ఎలుకను పుట్టించాలంటే ఏళ్లు పట్టేది. 2013 నాటికి జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి మనిషి కణాల్లో పనిచేయడంతో, కావలసిన జన్యువును వారాల్లో కొట్టేసి నాకౌట్ కణాలు తయారుచేసుకోవడం సాధ్యమైంది. ఒక పక్క మామూలు కణం, పక్కనే నాకౌట్ కణం. రెండింట్లోనూ గీత వస్తే ఆ గీత మనది కాదు. 2016లో ఒక అంతర్జాతీయ బృందం సూచించిన 5 రకాల రుజువుల్లో ఇదొకటి. మిగతావాటిలో, ఒకే ప్రోటీన్‌లో వేర్వేరు చోట్లను పట్టే రెండు యాంటీబాడీలతో సరిచూడమన్నది వినడానికి బాగుంటుంది. పదో వంతు మిల్లీలీటరు లెక్కన వేల రూపాయలు పోసి, దిగుమతి కోసం వారాలు ఎదురుచూసే మన ల్యాబ్‌లలో రెండో సీసా కొనమంటే గైడు ముఖం చూడాలి.

మాంట్రియల్‌లో కార్ల్ లఫ్లామ్, పీటర్ మెక్‌ఫర్సన్ ఈ నాకౌట్ పరీక్షనే పట్టుదలగా సాగించారు. కండరాలను నడిపే నరాలను దెబ్బతీసే ఏఎల్ఎస్ జబ్బుతో ముడిపడ్డ సీ9ఓఆర్ఎఫ్72 ప్రోటీన్‌కు దొరికే 16 యాంటీబాడీలను 2019లో పరీక్షిస్తే, పత్రాల్లో ఎక్కువమంది వాడినవే తప్పాయి. తర్వాత కంపెనీలనూ కలుపుకుని వైకారోస్ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. 65 ప్రోటీన్లకు 614 యాంటీబాడీలను పరీక్షించిన ఫలితాలు 2023లో వచ్చాయి. జన్యుక్రమం నుంచి తయారైనవి మిగతావాటికంటే మెరుగ్గా నిలిచాయి. తప్పిన సీసాల్లో 20 శాతం దాకా కంపెనీలు అమ్మకం నుంచి తీసేశాయి, 40 శాతం దాకా వాటిని దేనికి వాడాలో చెప్పే సూచనలు మార్చాయి.

అదే లెక్కలో ఇంకో అంకె ఉంది. తన ప్రోటీన్‌ను గుర్తించలేని యాంటీబాడీతో తీసిన సమాచారం ఒక్కో ప్రోటీన్‌కు సగటున 12 పత్రాల్లో ఉంది. కేటలాగు నుంచి సీసా పోయినా ఆ పత్రాలు ఎక్కడికీ పోలేదు. కొత్తగా చేరిన విద్యార్థి ఏ యాంటీబాడీ కొనాలో తేల్చుకునేది ఎక్కువగా వాటిని చూసే.