పోయిన గేరు కోసం వెతికే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ పాత లేతుకి (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) చేంజ్ గేర్లలో, అంటే మర కోయడానికి మార్చి మార్చి బిగించే పళ్ళచక్రాల్లో, ఒకటి పోయిందనీ, కొనాలో చేయించాలో చెప్పమనీ రాశారు. ముందు అది లేకుండా పని జరుగుతుందేమో చూడండి.

మర కోసేటప్పుడు లేతులో బిగించిన ముక్క ఒక చుట్టు తిరిగేసరికి కోసే టూలు ఎంత పక్కకి జరగాలో నిర్ణయించేవి ఆ గేర్లే. లీడ్ స్క్రూకి (టూలుని పక్కకి జరిపే పొడవాటి మర కడ్డీ) అంగుళానికి 8 మరలుండి, మీరు కోసేదానికి 16 కావాలంటే నిష్పత్తి 8/16, అంటే సగం. దానికి 20-40 పళ్ళ జతైనా, 25-50 అయినా, 30-60 అయినా ఒకటే. పోయింది 25 పళ్ళదైతే ఈ పనికి దాని అవసరమే లేదు. ఆ రెంటినీ కలపడానికి మధ్యలో పెట్టే గేరుకి (ఐడ్లర్) ఎన్ని పళ్ళున్నా లెక్క మారదు, తిరిగే దిశ మారుతుందంతే.

అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే మాత్రం 127 పళ్ళ గేరు కావాలి. అంగుళం అంటే 25.4 మి.మీ., దానికి అయిదింతలు 127. అది ప్రధాన సంఖ్య, చిన్న గేర్లు ఎన్ని కలిపినా రాదు. 63 పళ్ళదానితో దగ్గరగా వెళ్ళొచ్చు, రెండింతలు 126 కదా. నూటికి 0.8 తేడా వస్తుంది. పొట్టి నట్టుకి చెల్లుతుంది, పొడవాటి స్క్రూకి చెల్లదు.

ఇక కొనాల్సిందే అయితే, పళ్ళ సంఖ్య ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి. పన్ను సైజు కలవాలి. మీ దగ్గరున్న మంచి గేరు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. సరిసంఖ్య పళ్ళున్నదే తీసుకోండి, బేసి అయితే పన్నుకి ఎదురుగా సందు వచ్చి కొలత తగ్గుతుంది. 40 పళ్ళకి 53.34 మి.మీ. వచ్చిందనుకోండి. పళ్ళకి రెండు కలిపి భాగించండి: 53.34/42 = 1.27. దీన్ని చూసి 1.25 మాడ్యూల్ (పన్ను సైజుకి మిల్లీమీటర్ల కొలత) అనుకునేవాళ్ళు బోలెడుమంది. కాదు, అది 20 డీపీ (పన్ను సైజుకి అంగుళాల కొలత); 25.4ని 20తో భాగిస్తే వచ్చేది 1.27 కదా. ఈ రెండూ దగ్గరగా కనిపిస్తాయి కానీ జోడీ కుదరవు. పాతవాటిలో పన్ను వాలు చాలావరకు 14.5 డిగ్రీలు, ఇప్పటివి 20 డిగ్రీలు. ఆ రెండూ కలిపితే మోతా, అరుగుదలా తప్పవు.

చేయించడం అనుకున్నంత కష్టం కాదు. 45 పళ్ళ 20 డీపీ గేరుకి, ఇంకా పళ్ళు కోయని బిళ్ళ వ్యాసం 47/20, అంటే 2.35 అంగుళాలు. పళ్ళు కోసే కట్టరు 35 నుంచి 54 పళ్ళ దాకా 3వ నంబరుది. కోత లోతు దాదాపు 2.74 మి.మీ. బిళ్ళని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ నలభైకి ఒకటిది (పిడి నలభై చుట్లకి బిళ్ళ ఒక చుట్టు) అయితే, పన్నుకి పిడిని 40/45 చుట్టు తిప్పాలి, అంటే దాని రంధ్రాల ప్లేటులో 18 రంధ్రాల వరసలో 16 రంధ్రాలు. 127కి ఆ లెక్క మామూలు ప్లేట్లతో కుదరదు, దాన్ని కొనుక్కోవడమే మేలు.

త్రీడీ ప్రింటర్ ఉంటే నైలాన్‌తో వేసుకోండి, తేలిక పనికి బాగానే ఆగుతుంది. బోరు (మధ్య రంధ్రం), కీవే (ఇరుసు మీద జారకుండా తాళం కూర్చునే గాడి) కొలతలు మాత్రం పాత గేరు నుంచే తీసుకోండి.

బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య ఓ పల్చటి కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి, నట్లు బిగించాక కాగితం లాగేయండి. మరీ బిగుతుగా కూర్చుంటే పళ్ళు అరుస్తాయి. ఇదంతా మోటారు స్విచ్ ఆపాకే.

ముందు లీడ్ స్క్రూ మీద అంగుళానికి ఎన్ని మరలున్నాయో, ఏయే గేర్లు మిగిలాయో రాసి పంపండి, లెక్క కలిసి వేద్దాం.

మీ తాతయ్య