హోమ్‌బ్రూ స్ప్రెడ్‌షీట్: అపోహలు – వాస్తవాలు

డెన్వర్ శివార్లలో ఉంటాం. మా గరాజ్‌లో నెలకో బ్యాచ్ బీరు చేస్తాను. ఇంటికొచ్చిన తెలుగువాళ్ళు ముందు పెద్ద స్టీలు గిన్నె చూసి "సారా కాస్తున్నావా ఏంటి" అని నవ్వుతారు. పక్కనే లాప్‌టాప్‌లో తెరిచి ఉన్న షీట్ చూసి "ఇక్కడ కూడా ఆఫీసు పనేనా" అంటారు. ఇందులో బట్టీ లేదు, ఆవిరి పట్టడం లేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మన రాగి మాల్ట్‌కి వరసకు అన్నలాంటిదాన్ని, వేడినీళ్ళలో నానబెడతాం. దిగిన తీపి రసం పేరు వోర్ట్. దాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడతాం. అంతే. ఎంత గింజ, ఎన్ని నీళ్ళు, ఎంత ఆల్కహాల్ అని లెక్కలు కట్టే షీట్ మాత్రం నిజంగానే ఆఫీసు పనంత ఉంటుంది.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. తమాషా ఏమిటంటే, పర్సనల్ కంప్యూటర్లకు మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ విజికాల్క్ మార్కెట్లోకి వచ్చిందీ 1979లోనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అక్కడున్నవాళ్ళు ఇది చదివి లెక్కల వరకే తీసుకోండి.

అపోహ: షీట్‌లో ఆల్కహాల్ 5.2 శాతం అని వస్తే బీరు 5.2 శాతమే.

నా మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. ఎవరో చేసిన షీట్ దించుకుని, 4.5 కిలోల పేల్ మాల్ట్, 400 గ్రాముల క్రిస్టల్ మాల్ట్, 20 లీటర్ల బ్యాచ్ అని వేశాను. ఓజీ, అంటే నీళ్ళను 1.000 అనుకుంటే పులియకముందు వోర్ట్ సాంద్రత, 1.053 అని చూపించింది. చల్లార్చాక, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1.045.

లెక్క చూడండి. కిలో పేల్ మాల్ట్‌లోని చక్కెరంతా లీటరు నీళ్ళలోకి దిగితే సుమారు 300 పాయింట్లు, క్రిస్టల్‌కి సుమారు 280. పాయింట్లంటే 1.053లో ఆ 53 అన్నమాట. నాలుగున్నర కిలోలకు 1350, 400 గ్రాములకు 112, మొత్తం 1462. గింజలో ఉన్నదంతా మనకు దక్కదు. కొంత పిప్పిలోనే ఉండిపోతుంది. దక్కిన శాతమే ఎఫిషియన్సీ. 72 శాతం అనుకుంటే 1462లో మిగిలేది 1053, దాన్ని 20 లీటర్లతో భాగిస్తే 53. నాకు దక్కింది 62 శాతమే, అందుకే 45. ఆల్కహాల్ శాతానికి మామూలుగా వాడే సూత్రం ఓజీలోంచి ఎఫ్‌జీ (పులిసిన తరవాతి సాంద్రత) తీసేసి 131.25తో హెచ్చించడం. ఈస్ట్ పాయింట్లలో ముప్పాతిక వంతు తినేస్తుందనుకుంటే, 1.053 నుంచి 1.013కి దిగి 5.25 శాతం రావాలి. నాకొచ్చింది 4.5 లోపే.

ఆ 72 ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. ఫార్ములా లోపల, బయటికి కనపడకుండా, 0.72 అని కొట్టి పెట్టారు. అది ఆ షీట్ చేసినాయన గిన్నె తాలూకు సంఖ్య, ఆయన మర ఎంత సన్నగా నలుపుతుందో దాని తాలూకు సంఖ్య. నా గింజ బరకగా నలిగింది. అప్పటినుంచి ఒక పట్టుదల పెట్టుకున్నాను: ఊహించిన సంఖ్య ఏదీ ఫార్ములాలో దాక్కోకూడదు. ఎఫిషియన్సీ, గంటకు ఆవిరయ్యే నీరు, పిప్పి పీల్చే నీరు, అడుగున వదిలేసే మడ్డి, అన్నీ షీట్ పైభాగంలో పసుపు రంగు సెల్స్‌లో ఉంటాయి. ఆ పసుపు సెల్స్ నావి. మీరు నా షీట్ తీసుకుంటే ముందు మార్చాల్సినవి అవే.

అపోహ: ఒక్క బ్యాచ్ కొలిస్తే మన ఎఫిషియన్సీ తెలిసిపోతుంది.

62 వచ్చింది కదా అని తరవాతి బ్యాచ్‌కు 62 వేసి, అరకిలో మాల్ట్ పైన వేశాను. గింజ సన్నగా నలిపించాను కూడా. ఫలితం 1.060 దాటింది. ఒక కొలతను పట్టుకుని షీట్ మొత్తం వంచడం ఎంత తప్పో తెలియడానికి ఆ బీరు తాగినవాళ్ళ తలనొప్పి చాలు.

ఈ సమస్య మీద గట్టిగా ఆలోచించినాయన బీరు కంపెనీ మనిషే కావడం నాకు భలే ఇష్టం. విలియం సీలీ గోసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్‌లో చేరాడు. బార్లీ, హాప్స్ మీద చేసే పరీక్షల్లో నమూనాలు నాలుగో ఐదో ఉండేవి, అంత తక్కువ కొలతలతో ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ఆయనకు రోజువారీ ఇబ్బంది. దాని మీద 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో రాసిన దాంట్లోంచే ఇవాళ కాలేజీలో చెప్పే టీ-టెస్ట్ వచ్చింది.

నేను అంత దూరం పోను. గత 10 బ్యాచ్‌ల ఎఫిషియన్సీ ఒక కాలమ్‌లో ఉంటుంది. సగటుతో పాటు అన్నిటికంటే తక్కువ, అన్నిటికంటే ఎక్కువ కూడా తీస్తాను. ఇప్పుడవి 68, 75. పై రెసిపీకి షీట్ 1.053 అని ఒక్క సంఖ్య చెప్పదు, 1.050 నుంచి 1.055 అంటుంది. ఆ మధ్యలో ఎక్కడ పడ్డా సర్దుకుపోతాను. బయట పడితే ఏదో తప్పు జరిగింది, వెతకాలి. ఎక్కువసార్లు ఆ తప్పు వేడి వోర్ట్‌లో హైడ్రోమీటర్ ముంచడమే. 20 డిగ్రీల సెల్సియస్‌కు చేసిన హైడ్రోమీటర్ 40 డిగ్రీల రసంలో 6 పాయింట్లకు పైగా తక్కువ చూపిస్తుంది.

అపోహ: దశాంశాలు ఎన్ని ఎక్కువుంటే లెక్క అంత కచ్చితం.

5.2483 శాతం అని సెల్ చూపిస్తే మురిసిపోకండి. హైడ్రోమీటర్ చదవడంలో రెండు పాయింట్లు అటూ ఇటూ అయితేనే ఆల్కహాల్ పావు శాతం మారుతుంది. ఒక్క దశాంశం చాలు.

అపోహ: రెసిపీ సగం చేయాలంటే అన్నిటినీ రెండుతో భాగిస్తే సరి.

అన్నం వండే ఎవరినైనా అడగండి. బియ్యం రెట్టింపైతే ఎసరు రెట్టింపు పోయరు. ఆవిరి పోయేది గిన్నె వెడల్పును, మంటను బట్టి, లోపల ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు. నా గిన్నెలో గంట మరిగితే 4 లీటర్లు పోతుంది, లోపల 20 ఉన్నా 10 ఉన్నా.

నా 20 లీటర్ల బ్యాచ్‌కు నీళ్ళు ఇలా: పులియబెట్టే డబ్బాలోకి 20, అడుగు మడ్డికి ఒకటిన్నర, ఆవిరికి 4, కిలో గింజ లీటరు లెక్కన పిప్పి పీల్చేది 4.9. మొత్తం 30.4 లీటర్లు. సగం బ్యాచ్ అంటే 15.2 అనుకుంటాం. కాదు. 10, ఒకటిన్నర, 4, 2.45 కలిపితే 17.95. దాదాపు మూడు లీటర్ల తేడా. మొదటిసారి 15 పోసినప్పుడు చివరికి పాకంలాంటి వోర్ట్ ఏడు లీటర్లు మిగిలింది.

ఇక్కడే గాలన్ల గోల కూడా. అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546. పాత ఇంగ్లిష్ రెసిపీలో 5 గాలన్లంటే దాదాపు 22.7 లీటర్లు, ఇక్కడి 5 గాలన్లు 19 లీటర్లు. దుకాణంలో పౌన్లు, ఔన్సులు. నా బుర్రలో కిలోలు. అందుకే ఒకే ఒక్క చోట, దించుకునేటప్పుడే, కిలోలూ లీటర్లూ చేసేస్తాను. లోపలి ఫార్ములాల్లో మరే కొలతా కనపడదు.

అపోహ: ఐబీయూ అంటే నాలుకకు తగిలే చేదు, షీట్ దాన్ని కొలుస్తుంది.

ఐబీయూ అంటే హాప్స్‌లోంచి బీరులోకి ఎంత చేదు దిగిందో చెప్పే సంఖ్య. షీట్ దాన్ని కొలవదు, అంచనా వేస్తుంది. అదీ ఏ సూత్రం పెట్టారన్నదాన్ని బట్టి. 28 గ్రాముల హాప్స్, వాటిలో చేదుకు మూలమైన ఆల్ఫా యాసిడ్ 10 శాతం, గంటసేపు మరుగు, 20 లీటర్లు, 1.053 సాంద్రత. గ్లెన్ టిన్‌సెత్ సూత్రం 31 అంటుంది. జాకీ రేగర్ సూత్రం అదే గిన్నెకు 42 దాటిస్తుంది. రెండూ తప్పు కాదు, ఎవరి పరిస్థితులకు వాళ్ళు కట్టుకున్నవి. కాబట్టి "40 ఐబీయూ బీరు" అని ఎవరైనా రెసిపీ ఇస్తే ఏ సూత్రంతో అని అడగండి. నేను టిన్‌సెత్ వాడతాను. అది గొప్పదని కాదు, నా పాత బ్యాచ్‌లన్నీ దాంతోనే ఉన్నాయి, పోల్చుకోవచ్చు.

డెన్వర్‌లో మరో చిక్కు. ఊరు సముద్రమట్టానికి 1609 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయిదు డిగ్రీలు తక్కువ కాబట్టి హాప్స్‌లోంచి చేదు నిదానంగా దిగుతుంది. కుక్కర్ లేకుండా ఇక్కడ కందిపప్పు ఉడికించి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఈ రెండు సూత్రాల్లో ఎత్తు అన్న మాటే లేదు. అందుకని నా షీట్‌లో ఒక సర్దుబాటు గుణకం పసుపు సెల్‌లో పెట్టాను, రుచి చూసి మెల్లగా దిద్దుకుంటూ వచ్చాను.

ఇక రుచి. కాకరకాయ అదే అయినా బెల్లం పెట్టి వండితే ఒకలా, ఉప్పూకారం వేసి వేయిస్తే ఒకలా ఉంటుంది. 31 ఐబీయూ 1.040 బీరులో గట్టిగా తగులుతుంది, 1.070 బీరులో తీపి కింద దాక్కుంటుంది. అందుకే ఐబీయూని ఓజీ పాయింట్లతో భాగించే సెల్ ఒకటి ఉంచుకోండి. ఐబీయూ ఒక్కదానికంటే అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

అపోహ: సీసాల్లో వేసే చక్కెర లెక్కలో, సీసాలు నింపే రోజు బీరు ఎంత చల్లగా ఉందో ఆ ఉష్ణోగ్రత వేయాలి.

ఈ ఒక్కటి మాత్రం నిదానంగా చదవండి. సీసాలో పొంగు రావడానికి కొంచెం చక్కెర వేస్తాం. బీరులో అప్పటికే కరిగి ఉన్న గ్యాస్ ఎంతో తీసేసి మిగతాదానికే వేయాలి. ఆ మిగులు గ్యాస్‌ను షీట్ ఉష్ణోగ్రతను బట్టి అంచనా కడుతుంది. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో సుమారు 0.86 వాల్యూములు ఉంటుంది, అంటే లీటరు బీరులో 0.86 లీటర్ల గ్యాస్. 19 లీటర్లకు 2.4 వాల్యూములు కావాలంటే, లీటరుకు వాల్యూముకు 4 గ్రాముల లెక్కన మామూలు పంచదార 117 గ్రాములు. నేనోసారి మడ్డి దిగాలని డబ్బాను ఫ్రిజ్‌లో 3 డిగ్రీలకు చల్లార్చి, షీట్‌లో 3 అనే వేశాను. చల్లటి బీరులో గ్యాస్ ఎక్కువుంటుందనుకుని షీట్ 65 గ్రాములు చాలంది. కానీ పులవడం అయిపోయాక చల్లార్చితే కొత్త గ్యాస్ ఎక్కడినుంచి వస్తుంది? నెల తరవాత మూత తీస్తే చప్పుడు అంతంతమాత్రం, నురగ పలచన. వేయాల్సింది పులిశాక బీరు చేరిన అత్యధిక ఉష్ణోగ్రత.

దానికి వ్యతిరేకం ఇంకా ప్రమాదం. పులవడం పూర్తవకముందే సీసాల్లో పోస్తే లెక్కంతా సరిగ్గా ఉన్నా సీసాలు పేలతాయి, గాజు ముక్కలు గోడకు గుచ్చుకుంటాయి. పులవడం అయిందో లేదో షీట్‌కు తెలియదు. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ ఒకటే అయితేనే సీసాలు కడగడం మొదలుపెడతాను. డెన్వర్ చలికాలంలో మా వంటింట్లో ఇడ్లీ పిండి పొంగడానికి రెండు రోజులు పడుతుంది, గరాజ్‌లో ఈస్ట్ కూడా అంతే బద్ధకంగా ఉంటుంది. క్యాలెండర్ చూసి సీసాలు నింపొద్దు.

అపోహ: బీర్‌స్మిత్, బ్రూఫాదర్ లాంటి బీరు రెసిపీ సాఫ్ట్‌వేర్లు ఉండగా షీట్ దండగ.

అవి బాగుంటాయి, నేనూ వాడతాను. నీళ్ళలోని లవణాల లెక్కకైతే చాలామంది ఇప్పటికీ నమ్మేది బ్రూన్ వాటర్ అనే ఎక్సెల్ షీట్‌నే. నాకు షీట్ కావాల్సింది ఒక్క కారణానికి: సెల్ మీద నొక్కితే ఆ సంఖ్య ఎలా వచ్చిందో కనపడుతుంది. 0.72 దొరికింది అలాగే కదా. ఒక జాగ్రత్త: హాప్స్ ఆల్ఫా 3-4 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టండి, లేదా 3.5 అని వేయండి.

బీరు చేసే రోజు మాత్రం లాప్‌టాప్ ముట్టను, చేతులకు తీపి జిగురు. షీట్ ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను. ప్రతి వరుసలో 'అనుకున్నది' అచ్చులో ఉంటుంది, పక్కన 'వచ్చింది' అని ఖాళీ గడి. పెన్సిల్‌తో నింపి, రాత్రి గిన్నెలు తోమాక కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. మొన్నటి బ్యాచ్‌లో ఓజీ 1.052, వోర్ట్ 19.5 లీటర్లు. ఎఫ్‌జీ గడి ఇంకా ఖాళీగా ఉంది, శనివారం కొలవాలి.