సన్నబడ్డాక లివర్‌కు పట్టే కొవ్వు

ఫ్యాటీ లివర్ అనగానే బానపొట్ట, బిర్యానీ, బీరు గుర్తొస్తాయి. మరి క్లోమానికి (ప్యాంక్రియాస్‌కు) పెద్ద ఆపరేషన్ జరిగి, బరువు తగ్గి, బట్టలన్నీ వదులైపోయిన మనిషి స్కానింగ్ రిపోర్టులోనూ అదే మాట ఉంటే? ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి నెయ్యి, గుడ్డు, పాలు అన్నీ మాన్పించేస్తారు. పాపం, మేలు చేద్దామనే. కానీ ఇక్కడ లివర్‌లో కొవ్వు చేరింది తిండి ఎక్కువై కాదు, తిన్నది ఒంటికి పట్టక.

క్లోమం తలభాగంలో గడ్డ వస్తే చేసే ఆపరేషన్‌ను విపుల్ సర్జరీ అంటారు. 1935లో దాన్ని వివరించిన అమెరికన్ సర్జన్ ఆలెన్ విపుల్ పేరే దానికి నిలిచిపోయింది. అంతకుముందే, 1909లో, బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ ఇలాంటిదే చేశాడు. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం తీసేసి మిగతావాటిని పేగుకు అతికిస్తారు.

క్లోమం అంటే మనకు ఇన్సులిన్, షుగర్. నిజానికి ఆ గ్రంథిలో చాలా భాగం జీర్ణరసాలు తయారుచేసే కణాలే. కొవ్వును అరిగించే లైపేజ్, ప్రొటీన్లను తుంచే ట్రిప్సిన్ అక్కడివే. ఆపరేషన్ తర్వాత అవి చాలకపోతే తిన్న కొవ్వు అలాగే బయటికి పోతుంది. విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు పోసినా తేలుతూ ఉంటుంది. ఈ విషయం డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ.

లివర్‌లోకి కొవ్వు నిత్యం వస్తుంటుంది, పోతుంటుంది. బయటికి పంపాలంటే లివర్ దాన్ని వీఎల్‌డీఎల్ అనే పొట్లాలుగా కట్టాలి. పొట్లం కట్టడానికి ప్రొటీన్ కావాలి, కోలిన్ అనే పోషకంతో తయారయ్యే లెసితిన్ అనే కొవ్వు పదార్థం కావాలి. తిండి అరగనివాళ్లలో ఈ రెండూ కరువే. పైగా ఆకలిగొన్న శరీరం తన సొంత కొవ్వునే కరిగించి లివర్ మీదికి తోలుతుంది. కొట్టు నిండా సరుకు, కట్టడానికి కాగితమూ దారమూ లేవు. తిండి చాలని పిల్లలకు వచ్చే క్వాషియోర్కర్‌లోనూ కాళ్లు వాచి, లివర్‌కు కొవ్వు పట్టేది దాదాపు ఇందుకే.

ఈ సంగతి ముందుగా కుక్కలు చెప్పాయి. 1921లో టొరంటోలో ఇన్సులిన్ పరిశోధన మొదలయ్యాక, క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో నెలల తరబడి బతికించగలిగారు. షుగర్ అదుపులోనే ఉన్నా కొన్నాళ్లకు అవి నీరసించి చనిపోయేవి. కోసి చూస్తే లివర్ నిండా కొవ్వు. తిండిలో పచ్చి క్లోమం కలిపి పెడితే కోలుకునేవి, లెసితిన్ పెట్టినా అంతే. చివరికి 1932లో, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్ బృందమే, లెసితిన్‌లో పనిచేస్తున్నది కోలిన్ అని పట్టుకుంది. ఇన్సులిన్ కథ చెప్పేవాళ్లు ఈ రెండో సగాన్ని ఎందుకో వదిలేస్తారు.

మనుషుల్లో ఇది చాలాసార్లు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూద్దామని తీసిన సీటీ స్కాన్‌లో బయటపడుతుంది. రక్తంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన సీటీలో లివర్ మామూలుగా ప్లీహం కంటే కాస్త తెల్లగా ఉండాలి. కొవ్వు పడితే అదే నల్లబడుతుంది. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే ఇలా మారవచ్చు. అందరికీ ఇదే కారణమని కాదు. కొన్ని కీమో మందులు, ముందునుంచీ ఉన్న షుగర్, అధిక బరువు కూడా లివర్‌ను ఇలా చేస్తాయి.

లైపేజ్ లాంటి జీర్ణ ఎంజైములు తగ్గడమే కారణమైతే వాటినే బయటినుంచి ఇస్తారు. పంది క్లోమం నుంచి తీసిన ఈ గుళికలు మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో సీటీలో లివర్ మళ్లీ తెల్లబడిన రోగులు ఉన్నారు. అయితే వీటిని వేసుకునే తీరులోనే చాలామంది పొరబడతారు. పరగడుపున మింగితే లాభం లేదు, భోజనమంతా అయ్యాక అయినా పెద్దగా ఉపయోగం ఉండదు. మొదటి ముద్దతో ఒకటి, నడుమ ఇంకొకటి చొప్పున అన్నంతోపాటే లోపలికి వెళ్లాలి. ఎన్ని అన్నది డాక్టర్ చెబుతారు. నమలకూడదు. సాయంత్రం మిరపకాయ బజ్జీ తిన్నా, గ్లాసుడు పాలు తాగినా అప్పుడూ వేసుకోవాల్సిందే. బ్లాక్ టీకి మాత్రం అక్కర్లేదు.