కడిగితే పోని మురికి: అమెరికా ఆకుకూరల్లో ఈ.కోలై

2006 సెప్టెంబర్ 14న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ప్యాకెట్ పాలకూర తినొద్దని దేశమంతటికీ చెప్పింది. ముందే మూడుసార్లు కడిగామని రాసి అమ్మే ఆకు అది. అయినా 26 రాష్ట్రాల్లో దాదాపు రెండు వందల మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. కారణం ఈ.కోలై ఓ157:హెచ్7 అనే బ్యాక్టీరియా.

అప్పటిదాకా దీని పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది మాంసమే. 1982లో మొదట బయటపడింది హాంబర్గర్లు తిన్నవాళ్లలో. 1993లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, గొడ్డుమాంసం కీమాలో ఇది కనిపిస్తే కల్తీ కిందే లెక్క అని ప్రభుత్వం తేల్చింది. ఇది ఆవుల పేగుల్లో ఉంటుంది, వాటికి ఏ హానీ చేయదు. మనుషుల్లో, ముఖ్యంగా పసిపిల్లల్లో, ఇది విడిచే విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది. బాగా ఉడికిస్తే చస్తుంది కాబట్టి మన పాలకూర పప్పుకి భయం లేదు. కానీ అక్కడున్న మన పిల్లలు పచ్చి సలాడ్ కూడా తింటున్నారు కదా!

ప్యాకెట్ల మీది నంబర్లు పట్టుకుని వెనక్కి వెళ్తే కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో కౌంటీలో ఒక పొలం తేలింది. దానికి మైలు లోపే పశువులు మేసే బీడు ఉంది. అక్కడి పేడలో, వాగు నీళ్లలో, అడవి పందుల పెంటలో దొరికింది రోగుల్లో ఉన్న రకమే. పందులు తెచ్చాయో, నీళ్లు మోసుకొచ్చాయో చివరికీ తేలలేదు.

కోసిన పాలకూర కాడ చివర ఒకసారి చూడండి, తెగిన చోట రసం ఊరుతుంటుంది. బ్యాక్టీరియా గట్టిగా అతుక్కునేది అక్కడే. ఆకు మీది సన్నని రంధ్రాల్లోకి కూడా దూరుతుంది. ఆకును కడిగే క్లోరిన్ నీళ్లు అక్కడిదాకా సరిగా చేరవు. పైగా ఫ్యాక్టరీలో ఎన్నో మడుల ఆకులు ఒకే తొట్టిలో కలుస్తాయి, ఒక మడిలో అంటుకున్నది వేల ప్యాకెట్లకు పాకుతుంది. మనిషిని మంచాన పడేయడానికి వందలోపు కణాలు చాలు.

2007లో కాలిఫోర్నియా ఆకుకూరల వ్యాపారులు జాగ్రత్తల ఒప్పందం చేసుకున్నారు. 2011లో కొత్త ఆహార భద్రత చట్టం, 2015లో దాని కింద పంటల నియమాలు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సాగునీటి భాగం అమలు మాత్రం వాయిదా పడుతూ పోయింది. ఈలోగా 2018 వసంతంలో అరిజోనాలోని యూమా ప్రాంతంలో పండిన, సలాడ్లలో పచ్చిగా తినే రోమైన్ లెట్యూస్ అనే ఆకుకూర తిని 36 రాష్ట్రాల్లో 210 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. ఆ రకం బ్యాక్టీరియా అక్కడి సాగునీటి కాలువలో దొరికింది. దగ్గర్లోనే లక్షకు పైగా పశువులు పట్టే పెంపకం కేంద్రం ఉంది.

నీటి నియమం ఖరారైంది 2024 మేలో. కూరగాయల రైతు ఏటా తన నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, చుట్టుపక్కల భూముల్లో ఏముందో చూసుకుని రాసి పెట్టాలి, ప్రమాదం కనిపిస్తే సరిచేయాలి. కాలువ పక్కన పశువులు పెంచేవాళ్ల మీద మాత్రం ఆ నియమం ఏ బాధ్యతా పెట్టలేదు.