ఎర్ర రేంజర్‌కి చారిజార్డ్ ఇచ్చేస్తే క్రాసోవర్ అయిపోదు: అపోహలు - వాస్తవాలు

నేను ఫ్యాన్ ఫిక్షన్‌కి, అంటే అభిమానులు తమకి నచ్చిన పాత్రలతో రాసుకునే కథలకి, బీటా రీడర్‌ని. రాసినవాళ్ళు కథను బయట పెట్టేముందు చదివి, ఎక్కడ కుంటుతోందో, ఎక్కడ ఊపిరి ఆడటం లేదో చెప్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాటిలో క్రాసోవర్లు (రెండు వేర్వేరు కథాలోకాలను కలిపేవి) ఎక్కువ, వాటిలో మళ్ళీ పోకెమాన్‌ని పవర్ రేంజర్స్‌తోనో, దానికి మూలమైన జపాన్ సిరీస్ సూపర్ సెంటాయ్‌తోనో కలిపినవి ఎక్కువ. మొదటిదాంట్లో ట్రైనర్లు పోకెమాన్ అనే వింతజీవుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపుతారు; రెండోదాంట్లో రంగుకొకరుగా రేంజర్ల జట్టు రాక్షసులతో పోరాడుతుంది. ఆ కోరిక మంచిదే. చిన్నప్పుడు రెండూ చూసి పెరిగినవాళ్ళకి అది రాకపోతేనే ఆశ్చర్యం. కానీ ఒకే ఒక్క అపోహ ఆ కోరికను మొదటి అధ్యాయం దాటనివ్వకుండా చంపేస్తోంది. ప్రధానంగా దాని గురించే ఈ పోస్టు. మిగతావి చివర్లో చకచకా చెప్పేస్తాను.

అపోహ: ఏ రేంజర్‌కి ఏ పోకెమాన్ అన్నది తేలితే సగం కథ రాసేసినట్టే.

ఎరుపుకి చారిజార్డ్, నీలానికి బ్లాస్టాయిస్, పసుపుకి పికాచు, గులాబీకి క్లెఫేబుల్, నలుపుకి అంబ్రియన్. ఈ జాబితాను ఎన్ని చేతిరాతల్లో, ఎన్ని రంగుల్లో చూశానో! ఇది ఎందుకంత ఊరిస్తుందో అర్థం చేసుకోగలను. లెక్క అంత చక్కగా కుదురుతుంది మరి. ట్రైనర్ వెంట ఉండేవి ఆరు పోకెమాన్లు. జట్టులో ఐదుగురు, 1992 నాటి సెంటాయ్ సిరీస్ జ్యూరేంజర్ నుంచి స్థిరపడిన ఆనవాయితీ ప్రకారం మధ్యలో వచ్చి చేరే ఆరోవాడు ఇంకొకడు. ఆరుకి ఆరు సరిపోయాయి. ఇక చేతులు ఆగవు. పట్టికకి రంగులు పడతాయి, ఒక్కో జీవికి నాలుగేసి మూవ్స్ (పోరులో వాడే ఎత్తులు) పడతాయి, దుస్తుల బొమ్మలు, జోర్డ్ (రేంజర్ల భారీ పోరాట మృగం) బొమ్మలు వస్తాయి. కథ మాత్రం రాదు.

ఎందుకు రాదంటే, పట్టికలో ఎవరికీ ఏదీ అడ్డు రాలేదు. అందరికీ అందాల్సింది అందింది, అందరూ సంతోషంగా ఉన్నారు. అక్కడి నుంచి ఎవరు ఎటు కదులుతారు? నెలల తరబడి పట్టిక దిద్దుకుని, మొదటి సన్నివేశం దగ్గర కూలబడి, "నాకు రాయడం చేతకాదు" అనుకుని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి రాయడం చేతనవును. మొదలుపెట్టిన చోటే తప్పు.

వాస్తవం: రెండు లోకాల నియమాలు ఎక్కడ ఢీకొంటాయో అక్కడ కథ పుడుతుంది.

1993లో మొదలైన మైటీ మార్ఫిన్ పవర్ రేంజర్స్ గుర్తు చేసుకోండి. రేంజర్ల గురువు జోర్డాన్ ఆ పిల్లలకి ఆదిలోనే మూడు షరతులు పెడతాడు. శక్తిని సొంత లాభానికి వాడకూడదు. శత్రువైన మంత్రగత్తె రీటా బలవంతపెడితే తప్ప పోరాటాన్ని పెంచకూడదు. తామెవరో ఎవరికీ తెలియనివ్వకూడదు. ఇప్పుడు ఆ ఐదుగురినీ కాంటోలో, అంటే మొదటి పోకెమాన్ ఆటలు జరిగే ప్రాంతంలో, దింపండి. అక్కడ దారిలో ఇద్దరు ట్రైనర్ల చూపులు కలిస్తే చాలు, పోరు మొదలైనట్టే. ఓడినవాడు గెలిచినవాడికి డబ్బు ఇచ్చుకోవాలి. లీగ్ పోటీల దాకా వెళితే స్టేడియం నిండా జనం చూస్తుండగా పేరు చెప్పుకుని నిలబడాలి. మూడు షరతులకీ మూడు గండాలు!

ఎర్ర రేంజర్ జేసన్‌కి దారిలో ఒక చిన్నవాడు తన పోకెమాన్ రట్టాటాని చూపించి సవాలు విసిరాడనుకోండి. కాదంటే ఆ లోకంలో మర్యాద కాదు. సరేనంటే, ఆ పోరు జోర్డాన్ షరతు కిందకి వస్తుందా రాదా? రేంజర్ శక్తి వాడలేదు కాబట్టి రాదని ఒకరంటారు. గెలిచాక చేతిలో పడే డబ్బు సంగతేమిటని ఇంకొకరు అడుగుతారు. ఐదుగురూ వాదించుకుంటుంటే ఆ చిన్నవాడు ఇంకా దారిలోనే నిలబడి ఉన్నాడు. చారిజార్డ్ ఇంకా ఎవరికీ దక్కలేదు, కానీ అధ్యాయం నడవడం మొదలైంది.

ఇంతకంటే లోతైన ఘర్షణ ఒకటుంది, నా దగ్గరికి వచ్చే కథల్లో ఎక్కువమంది దాటేసేది దాన్నే. ఒక లోకంలో వింతజీవి అంటే తోడు. రెండో లోకంలో వింతజీవి అంటే ఆ వారం శత్రువు, చివర్లో పేలిపోవాల్సినవాడు. పోకెమాన్ ఓడిపోతే స్పృహ తప్పుతుంది, పోకెమాన్ సెంటర్‌కి తీసుకెళితే లేచి కూర్చుంటుంది. సెంటాయ్ రాక్షసుడు ఓడిపోతే పేలిపోతాడు, లేదంటే మళ్ళీ లేచి భవనాలంత పెరుగుతాడు. ఈ రెండింటినీ ఒకే వీధిలో పెట్టినప్పుడు చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

రీటా అనుచరుడు ఫిన్‌స్టర్ రాక్షసుల్ని మట్టితో చేస్తాడు. పోకెమాన్లలో గోలెట్ కూడా మట్టితో చేసినదే, ప్రాచీనులు చేశారని పోకెమాన్ల వివరాలుండే పోకెడెక్స్ చెబుతుంది. ఒక ట్రైనర్ ఫిన్‌స్టర్ చేసిన జీవిని చూసి, ఇది కొత్త పోకెమాన్ అనుకుని, పట్టుకోవడానికి పోకె బాల్ విసిరితే ఏమవుతుంది? ఆటలో అయితే ఇంకొకరి పోకెమాన్ మీద బాల్ విసరలేం. అవతలి ట్రైనర్ దాన్ని అడ్డుకుంటాడు, దొంగతనం చేయకని గద్దిస్తాడు. అంటే రీటా ఆ జీవికి ట్రైనర్ కిందే లెక్కా? ఆమె దాన్ని ఒక్కసారైనా ట్రైనర్‌లా చూసుకుందా? బాల్ పనిచేస్తే ఒక కథ, పనిచేయకపోతే దానికంటే మంచి కథ.

పెరగడం సంగతీ అంతే. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో డైనమాక్స్ ఉంది. పోకెమాన్ కొండంత అవుతుంది, మూడు టర్న్‌లు గడిచాక మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. రీటా దండం విసిరితే పెరిగిన రాక్షసుడికి ఆ తిరుగుదారి లేదు, జోర్డ్‌లన్నీ కలిసి ఏర్పడే మెగాజోర్డ్ కత్తే చివరి మాట. మరి మెగాజోర్డ్ లోపల కూర్చున్న ఐదుగురికి, ఎదురుగా ఉన్నది కాసేపు ఆగితే దానంతటదే చిన్నదైపోయే ఎవరి నేస్తమో అని తెలియకపోతే?

పెద్ద పట్టిక పట్టుకుని వచ్చిన ఒక అబ్బాయిని ఇదే అడిగాను. పట్టిక చాలా ముచ్చటగా ఉంది, ఒక్క కాలమ్ కూడా ఖాళీ లేదు. కథ ఏదంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. పట్టిక పక్కన పెట్టి ఒక్క సన్నివేశం రాయమన్నాను: మెగాజోర్డ్ దెబ్బ కొట్టింది, పొగ తగ్గింది, అక్కడ చిన్నదైపోయి పడి ఉన్నది ఒక స్నార్లాక్స్. అతను రాసి పంపినది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అతని కథలో గులాబీ రేంజర్ కింబర్లీ మామూలు బట్టల్లో దాన్ని పోకెమాన్ సెంటర్‌కి చేరుస్తుంది. నర్స్ జాయ్ దెబ్బ చూసి, దీన్ని ఏది కొట్టింది, ఎక్కడ కొట్టింది, చెబితేనే సరైన వైద్యం చేయగలనంటుంది. కింబర్లీ చెప్పలేదు. చెబితే మూడో షరతు తప్పుతుంది, చెప్పకపోతే ఆ జీవి కోలుకోవడం ఆలస్యమవుతుంది. పక్కనే దాని ట్రైనర్, ఏడేళ్ళ పాప, కృతజ్ఞతగా కింబర్లీ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఏ రంగుకి ఏ పోకెమాన్ అన్న ప్రశ్న ఆ సన్నివేశంలో ఎక్కడైనా వచ్చిందా? ఆ పట్టిక అతని దగ్గర ఇప్పటికీ ఉంది, అవసరమైనప్పుడు చూసుకుంటాడు. దాని స్థానం అదే.

జోర్డ్‌ల విషయంలోనూ ముందే ఒక నిర్ణయం తీసుకోండి: ప్రాణమున్నవా, యంత్రాలా? జ్యూరేంజర్‌లో రక్షక మృగాలు స్వయంగా దేవతలు, వాటికి మాట ఉంది, కోపం ఉంది. ఆ దృశ్యాలనే వాడుకుని తీసిన మైటీ మార్ఫిన్‌లో అవి యంత్రాలుగా మారాయి. 2001 నాటి సెంటాయ్ గావోరేంజర్‌లో పవర్ యానిమల్స్ అనే జోర్డ్‌లు మళ్ళీ ప్రాణమున్నవే. యంత్రమైతే పోకెమాన్ ట్రైనర్ దాన్ని వాహనంలా చూసి వదిలేస్తాడు. ప్రాణమున్నదైతే అతని మొదటి ప్రశ్న వేరు: ఇది అలసిపోతే మీరేం చేస్తారు? రేంజర్లలో ఎవరూ అంతవరకూ ఆలోచించి ఉండరు, అదే ఆ సన్నివేశానికి బలం.

నియమాలు మార్చడం అంటే అపచారం అనుకునేవాళ్ళకి అధికారికంగా వచ్చిన ఒక క్రాసోవరే జవాబు. 2012లో పోకెమాన్‌ని జపాన్ యుద్ధప్రభువుల ఆట అయిన నోబునాగాస్ ఆంబిషన్‌తో కలిపి పోకెమాన్ కాంక్వెస్ట్ తెచ్చారు. అందులో పోకె బాల్స్ లేవు. యోధుడికీ పోకెమాన్‌కీ మధ్య లింక్ ఏర్పడుతుంది, అంతే. అప్పటికి ఉన్న 17 టైప్‌లకి (నిప్పు, నీరు లాంటి పోకెమాన్ రకాలకి) 17 రాజ్యాలు. ఏ ప్రభువుకి ఏ పోకెమాన్ అన్న జతలు అందులోనూ ఉన్నాయి, కానీ అవి నిలబడింది ఈ మార్పుల మీద. అంతకుముందే, 2006లో వచ్చిన పోకెమాన్ రేంజర్ ఆటలో రేంజర్లు (వీళ్ళు పవర్ రేంజర్స్ కాదు) జీవుల్ని తమ దగ్గర ఉంచేసుకోరు. క్యాప్చర్ స్టైలర్‌తో మచ్చిక చేసుకుని, సాయం అందుకుని, వదిలేస్తారు. జోర్డాన్ మొదటి షరతుకి ఇంత దగ్గరగా ఉన్న పద్ధతి పోకెమాన్ లోకంలో ముందే ఉంటే, దాన్ని వాడుకున్న కథ నా దగ్గరికి ఇంకా రాలేదంటే బాధగా ఉంటుంది.

అపోహ: అన్ని పోకెమాన్లు, అన్ని జట్లు తెలిసినవాళ్ళే రాయాలి.

ఈ మాటతో భయపడి వెనక్కి తగ్గేవాళ్ళంటే నాకు చాలా ఆపేక్ష. వాళ్ళు నిజంగా ప్రేమించినవాళ్ళు, ఎక్కడ తప్పు రాస్తామో అని వణికేది వాళ్ళే. పోకెమాన్లు వెయ్యి దాటిపోయాయి. సెంటాయ్ 1975లో గోరేంజర్‌తో మొదలై దశాబ్దాలు నడిచింది. అన్నీ తెలిసే దాకా ఆగితే ఎవరూ రాయలేరు. ఒక ప్రాంతం, ఒక జట్టు ఎంచుకోండి. కాంటోలోని 151 జీవులు, మీరు బాగా చూసిన ఒకే ఒక్క సీజన్ చాలు. "అది ఫలానా ఎపిసోడ్‌లో అలా కాదు" అని ఎవరైనా పట్టుకుంటే దిద్దుకోండి, అందులో అవమానం లేదు. వ్యాఖ్యల్లో కొత్తవాళ్ళకి పరీక్షలు పెట్టే పెద్దలకి మాత్రం ఒక్క మాట: మీరూ ఒకప్పుడు పికాచు ఒక్కదాన్నే గుర్తుపట్టినవాళ్ళే.

అపోహ: "ఇవి నా సొంతం కావు" అని పైన రాస్తే, డబ్బు తీసుకోకపోతే, ఎవరూ ఏమీ అనలేరు.

ఆ వాక్యం మర్యాదకి పనికొస్తుంది, రక్షణ కవచం కాదు. డబ్బు తీసుకోకపోవడం మీకు కొంత మేలు చేస్తుంది, కానీ అదొక్కటే లెక్కలోకి రాదు. ఉదాహరణకి అమెరికాలో ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా వాడుకున్నా చెల్లుతుందా అన్నది) తేల్చడానికి నాలుగు అంశాలు చూస్తారు: దేనికి వాడారు, వాడిన కృతి ఎలాంటిది, ఎంత వాడారు, అసలుదాని మార్కెట్‌కి దెబ్బ తగిలిందా. వేరే దేశాల్లో చట్టం వేరు. పోకెమాన్ యురేనియం అనే అభిమానుల ఆట తొమ్మిదేళ్ళ శ్రమతో 2016లో ఉచితంగా వచ్చింది. నింటెండో తరఫు లాయర్ల నోటీసుల తర్వాత తయారు చేసినవాళ్ళే డౌన్‌లోడ్ తీసేశారు. 2015లో పవర్ రేంజర్స్ మీద అభిమానుల పొట్టి చిత్రం ఒకటి ఫిర్యాదుతో తొలగిపోయి, మాట్లాడుకున్నాక షరతులతో తిరిగి వచ్చింది. రెండిటిలోనూ డబ్బు లేదు. రెండిటికీ ఒకే ముగింపు లేదు.

ఇది చదివి భయపడకండి. నేను చెప్పేది ఇంతే: అసలు ఆటలోని బొమ్మలు, సంగీతం, వీడియో ముక్కలు యథాతథంగా ఎత్తి పెట్టడం ఒక ఎత్తు, మీ మాటల్లో ఒక కథ రాసుకోవడం ఇంకొక ఎత్తు. "నా మీద కేసు పెడతారా, ఇంట్లోవాళ్ళకి తెలుస్తుందా" అని రాత్రిపూట మెసేజ్ పెట్టిన అమ్మాయి రాసింది మూడు పేజీల కథ. చట్టం తెలియని ఎవరో ఆమెను వ్యాఖ్యల్లో బెదిరించారు. అలా బెదిరించడం మానండి. అమ్మకానికి పెట్టే ఆలోచన ఉంటే మాత్రం, అప్పుడు నిజంగా లాయర్‌నే అడగండి, నన్ను కాదు.

అపోహ: అధికారిక క్రాసోవర్ వస్తోంది, పోస్టర్ లీకైంది, కాబట్టి మనం రాయడం దండగ.

ఆ పోస్టర్లు నాకు పంపడం దయచేసి ఆపండి. పోకెమాన్ హక్కులు నింటెండో, క్రియేచర్స్, గేమ్ ఫ్రీక్ మూడింటివీ. పవర్ రేంజర్స్ 2018 నుంచి హాస్‌బ్రోది. సెంటాయ్ తోయేది. ఇంతమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్న సంగతి ముందుగా ఒక మసక బొమ్మలో తెలియదు, వాళ్ళే ప్రకటిస్తారు. రేంజర్స్ 2017లో జస్టిస్ లీగ్‌తో, 2019లో నింజా టర్టిల్స్‌తో కామిక్స్‌లో కలిశారు. వాటి కోసం అభిమానులు రాయడం మానలేదు కదా.

అపోహ: మెగాజోర్డ్, మ్యూట్యూ (అతి బలమైన పోకెమాన్లలో ఒకటి) తలపడితే ఎవరు గెలుస్తారో ముందు తేల్చాలి.

తేల్చనక్కర్లేదు. మీ కథకి ఎవరు ఓడిపోవడం అవసరమో వాళ్ళు ఓడిపోతారు. లెక్క కావాలనే పట్టుదల ఉంటే మెగాజోర్డ్‌ని స్టీల్ టైప్ అనుకోండి. నిప్పు, నేల, ఫైటింగ్ మూవ్స్‌కి లొంగుతుంది, విషం ఎక్కదు. దాంతో ఆ చర్చ ముగించి, స్నార్లాక్స్ పడి ఉన్న చోటికి తిరిగి వెళ్ళి రాయండి.

పోకెమాన్‌లోని విలన్ల ముఠా టీమ్ రాకెట్‌ని తీసేసి రీటాని పెడతామనేవాళ్ళకి చివరగా ఒకటి. తీయకండి. శత్రువు ముందు భంగిమ పెట్టి, పేర్లు చెప్పుకుని, ఆ తర్వాతే కొట్లాటకి దిగే అలవాటు ఇద్దరికీ ఉంది, రేంజర్లకీ టీమ్ రాకెట్‌లోని జెస్సీ, జేమ్స్‌లకీ. ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు పూర్తి చేస్తారో రాయండి. ఆ సన్నివేశం ముందుగా నాకే పంపండి.