బెంగ అనుకుని జ్వరాన్ని వదిలేయకండి: కుక్క విశ్వాసంపై అపోహలు, వాస్తవాలు

పశువైద్యుడిగా నా దగ్గరికి కుక్కను తీసుకొచ్చేవాళ్లలో చాలామంది దాని జబ్బు కంటే ముందు దాని విశ్వాసం గురించి చెబుతారు. ఆ ప్రేమను నేను శంకించను. కానీ కుక్క ఏం చేసినా విశ్వాసం ఖాతాలోనే రాసేస్తే దాని నొప్పి, భయం, జ్వరం మన కంటికి ఆనవు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: అంతా తిండి కోసమే. అన్నం పెట్టినవాళ్ల వెంటే కుక్క తిరుగుతుంది.

వాస్తవం: హచికో కథ చాలామంది వినే ఉంటారు. టోక్యోలో ఉఎనో హిదెసబురో అనే వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు పెంచిన అకిటా జాతి కుక్క అది. ఆయన 1925 మేలో హఠాత్తుగా చనిపోయారు. హచికో మాత్రం 1935 మార్చిలో తాను చనిపోయేదాకా ఆయన కోసం ఎదురుచూస్తూ షిబుయా రైల్వే స్టేషన్‌కు వస్తూనే ఉంది. అక్కడ దొరికే తిండి కోసమే వచ్చేదని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. కానీ జనం దాన్ని ఆదరించి తిండి పెట్టడం ఎక్కువైంది 1932లో పత్రికలో దాని గురించి రాశాకే. అంతకుముందు ఏళ్లలో అక్కడ దానికి దక్కినవి చాలావరకు అదిలింపులే.

మన దేశం సంగతే చూద్దాం. కోల్‌కతాలోని ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా సంస్థ పరిశోధకులు వీధికుక్కల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ముక్కూమొహం తెలియని మనిషి కొన్ని కుక్కలకు పదేపదే తిండి పెట్టాడు, కొన్నింటిని పదేపదే నిమిరాడు. నిమిరించుకున్న కుక్కలే అతన్ని ఎక్కువగా నమ్మాయి. ఊరకుక్కకు విశ్వాసం ఉండదు, జాతికుక్కకే ఉంటుంది అనేవాళ్లు కూడా ఇది గమనించాలి. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపించారు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోనే ఇది. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లలో అలా జరగలేదు. ఇంట్లో అన్నం పెట్టేది అమ్మే అయినా, రోజూ సాయంత్రం తిప్పే తాతయ్య కాళ్ల దగ్గరే కుక్క ఎందుకు పడుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అపోహ: యజమాని ఊళ్లో లేడు, బెంగతో తిండి మానేసింది. ఆయన వస్తే అదే తింటుంది.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల ప్రాణాలు పోతున్నాయి, కాబట్టి వివరంగా చెబుతాను. అబ్బాయి అమెరికా వెళ్తాడు, కుక్క అమ్మానాన్నల దగ్గర ఉండిపోతుంది. కొన్నాళ్లకు గిన్నె ముట్టడం మానేస్తుంది. "వాడి మీద బెంగెట్టుకుందండీ, రోజూ ఫోన్లో వాడి గొంతు వినిపిస్తున్నాం" అంటారు పెద్దవాళ్లు. బెంగ ఉంటుంది, కాదనను. గేటు చప్పుడైతే పరుగెత్తుతుంది, గుమ్మంలో పడుకుంటుంది, ఒక పూట సరిగా తినదు. కానీ రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం ముందు జ్వరం చూడాలి.

మన ప్రాంతంలో నా మొదటి అనుమానం పిడుదుల మీదే. వాటి కాటుతో ఎర్లీకియా, బబీసియా అనే జబ్బులు వస్తాయి. కుక్క మామూలు వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ముక్కు పొడిబారిందా, తడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం తేల్చలేం, థర్మామీటర్ పెట్టాల్సిందే. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయినా, పచ్చబడినా, ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. కనబడలేదని ధీమాగా ఉండకండి, కుట్టి రాలిపోయి ఉండొచ్చు. రక్తపరీక్ష చేస్తే చాలావరకు తేలిపోతుంది. ఎర్లీకియాను మొదట్లోనే పట్టుకుంటే చాలా కుక్కలు కోలుకుంటాయి. మందు మాత్రం సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. రెండు రోజులకే తింటోంది కదా అని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

హచికో కూడా బెంగతో చనిపోయిందనే చాలామంది నమ్మకం. భద్రపరిచిన దాని అవయవాలను 2011లో టోక్యో విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే గుండెలో, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది. ఫైలేరియా అనే పురుగుల జబ్బు కూడా ఉంది. దాని ఎదురుచూపూ నిజమే, జబ్బూ నిజమే.

అపోహ: చేసిన తప్పు దానికి తెలుసు, ముఖమే చెబుతుంది.

వాస్తవం: ఆ ముఖం మన కోపానికి జవాబు. కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009 అధ్యయనంలో యజమాని తిట్టినప్పుడు ఏ తప్పూ చేయని కుక్క కూడా అదే ముఖం పెట్టింది. చెవులు వెనక్కి వాల్చడం, చూపు తప్పించడం భయానికి గుర్తులు. మధ్యాహ్నం చెప్పు కొరికిన కుక్కను సాయంత్రం కొడితే, మీరు ఇంటికొస్తే దెబ్బలు పడతాయనే అది నేర్చుకుంటుంది.

అపోహ: మా కుక్క మావాళ్లను కరవదు.

వాస్తవం: నొప్పి పుడితే ఏ కుక్కైనా కరుస్తుంది. చెవిలో చీము పట్టినా, ముసలితనంలో కీళ్లు పట్టేసినా, పిల్లలు మీద పడి వాటేసుకుంటే తట్టుకోలేదు. గుర్రుమంటే కొట్టకండి. కొడితే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. కాటు సొంత కుక్కదైనా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కారం, పసుపు, సున్నం వద్దు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తర్వాత ఏటా మీ పశువైద్యుడు చెప్పినట్టు వేయిస్తూ ఉండండి.

అపోహ: పెరిగిన కుక్క కొత్తవాళ్లకు మాలిమి కాదు.

వాస్తవం: ఇలా అనుకునే ఊరు మారేవాళ్లు కొందరు కుక్కను రోడ్డు మీద వదిలేస్తున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. హంగేరీ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో శరణాలయాల్లోని పెద్ద కుక్కలతో ఒక మనిషి పది నిమిషాల చొప్పున మూడుసార్లు గడిపితే చాలు, అతని మీద అవి అనుబంధం చూపాయి. మీ కుక్కను వేరే ఇంటికి ఇవ్వాల్సివస్తే, కొత్తవాళ్లను ముందే కొన్నిసార్లు పిలిచి వాళ్ల చేత తిప్పించండి. దాని దుప్పటి ఉతక్కుండా పంపండి. తిండివేళలు మార్చొద్దని చెప్పండి. మొదటి వారాల్లో పాత ఇంటికి పారిపోయే ప్రయత్నం చేయొచ్చు. అందుకే మెడపట్టీకి కొత్తవాళ్ల ఫోన్ నంబరు కట్టించండి, గేటుకు ఎప్పుడూ గొళ్లెం పెట్టి ఉంచమనండి.