పంచాయతీల విలీనం: ముడి పడింది 1948 నవంబర్‌లో

నగరం అంచున ఉన్న పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడల్లా ఊళ్లలో ఒకటే ప్రశ్న: మా ఊరిని తీసేసే ముందు మమ్మల్ని అడగక్కర్లేదా? ఇప్పుడు మళ్లీ అదే గొడవ. రాజ్యాంగం వరకు చూస్తే అడగక్కర్లేదు. ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించేటప్పుడు జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర పనులు చేసేవాళ్ల శాతం లాంటివి చూడాలని 243క్యూ అధికరణం చెబుతుంది. గ్రామసభ ఒప్పుకోవాలన్న మాట అందులో లేదు. అసలు ఏది గ్రామమో తేల్చేది కూడా గవర్నర్ నోటిఫికేషనే, అంటే రాష్ట్ర ప్రభుత్వమే.

గాంధీజీ నగరాలను ఎందుకు వద్దన్నారో అందరికీ తెలిసిందే. 1945 అక్టోబర్ 5న నెహ్రూకు రాసిన ఉత్తరం మాత్రం గుర్తు చేసుకోవాలి. జనం పట్నాల్లో కాదు, పల్లెల్లో బతకాల్సిందేనని అందులో రాశారు. పల్లె మామూలుగా బుద్ధిలోనూ సంస్కృతిలోనూ వెనకబడే ఉంటుందని నెహ్రూ నాలుగు రోజుల్లో జవాబిచ్చారు. తాను చెబుతున్నది ఇప్పుడున్న పల్లె గురించి కాదని, అది ఇంకా తన మనసులోనే ఉందని గాంధీజీ ఆ ఉత్తరంలోనే స్పష్టం చేశారు. ఆ ముక్క చాలామంది వదిలేస్తారు.

మూడేళ్ల తర్వాత ముసాయిదా రాజ్యాంగం రాజ్యాంగ సభ ముందుకొచ్చింది. అందులో పంచాయతీ ఊసే లేదు. గ్రామం సంకుచితత్వానికి, అజ్ఞానానికి నెలవని, ముసాయిదా గ్రామాన్ని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమని 1948 నవంబర్ 4న అంబేడ్కర్ అన్నారు. ఆ మాట వెనక వెలివాడ ఉంది. దాన్ని తోసిపుచ్చడానికి లేదు.

అయినా సభ ఊరుకోలేదు. దక్షిణాదిన గ్రామ పంచాయతీలు వెయ్యేళ్లపాటు ఏం సాధించాయో తెలిసుంటే అంబేడ్కర్ అలా మాట్లాడేవారు కాదని ఎన్.జి. రంగా జవాబిచ్చారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఆయనకు పల్లె పుస్తకాల్లో చదివిన విషయం కాదు. టంగుటూరి ప్రకాశం కూడా పంచాయతీల పక్షానే నిలబడ్డారు. వీళ్లు కోరింది గ్రామాన్ని పొగడమని కాదు, పాలనకు పునాది అక్కడ వేయమని. రాజ్యాంగాన్ని గ్రామం నుంచే మొదలుపెట్టాలని ఆ ఏడాది మేలోనే రాజేంద్రప్రసాద్ ఉత్తరం రాస్తే, ఇప్పుడు మార్చడం కష్టమని రాజ్యాంగ సభ సలహాదారు బెనెగళ్ నరసింగరావు చెప్పారు.

నవంబర్ 22న సభ్యుడు కె. సంతానం సవరణ తెచ్చారు. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేసి, స్వపరిపాలనకు కావలసిన అధికారాలు ఇవ్వాలన్నది దాని సారాంశం. అంబేడ్కర్ ఒక్క మాటతో ఒప్పుకున్నారు. పల్లె పక్షం గెలిచినట్టే కనిపించింది. కానీ ఆ సవరణ చేరింది ఆదేశిక సూత్రాల్లో, ఇప్పటి 40వ అధికరణంగా. ఆదేశిక సూత్రాలను అమలు చేయమని కోర్టుకు వెళ్లలేం. పీట వేశారు, విస్తరి వేయలేదు. నా దృష్టిలో ఈనాటి గొడవంతా ఆ రోజు దగ్గరే మొదలైంది.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు రిజర్వేషన్లు వచ్చాయి. వెలివాడ నుంచి సర్పంచులు వచ్చారు. అంబేడ్కర్ భయానికి కొంతైనా సమాధానం దొరికింది. ఊరి ఉనికి మాత్రం నోటిఫికేషన్ చేతిలోనే ఉండిపోయింది.

ఆదివాసులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అలా కాదు. ఆ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ గ్రామమంటే తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే జనం ఉన్న ఆవాసం. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం కూడా దానంతటదే ఆ ప్రాంతాలకు వర్తించదు. మైదాన ప్రాంతపు ఊరికి ఈ రక్షణ ఎందుకు ఉండకూడదో ఇంతవరకూ ఎవరూ సూటిగా చెప్పలేదు.

మురుగు కాలువలు, తాగునీరు, కొత్త లేఅవుట్లు పంచాయతీ శక్తికి మించినవని అధికారులు అంటారు. చాలాచోట్ల అది నిజమే. కానీ విలీనంతో గ్రామీణ ఉపాధి పథకం కింద పని పోతుంది, గ్రామసభ పోతుంది. ఊరంతా కూర్చుని అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉన్నది ఆ సభలోనే.